తక్కువ తిరిగిన పాత కారు ఎందుకు ఎక్కువ మొరాయిస్తుంది?

సెల్ఫ్ కొడితే ఇంజన్ నిద్రమత్తులో ఉన్నట్టు బరువుగా తిరిగేది. ఒక్కోసారి అందుకునేది, ఒక్కోసారి టక్కుమని ఊరుకునేది. నా పాత రెండు డోర్ల కారు సంగతి ఇది. వయసు 30 దాటింది, తిరిగింది మాత్రం 80,000 కిలోమీటర్లే. బ్యాటరీ పోయిందేమో అనుకుని కొత్తది వేశాను, రెండు రోజులు బాగానే ఉంది. మళ్లీ మొదలైతే సెల్ఫ్ మోటార్ విప్పి కార్బన్ బ్రష్‌లు మార్చి బిగించాను, ఓ వారం బాగుంది. మూడోసారి మొండికేశాక గానీ కరెంటు కొలిచే మల్టీమీటర్ బయటికి తీయాలని తోచలేదు.

మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ మైనస్ పోల్ మీద, రెండో కొన ఇంజన్ బ్లాక్ మీద పెట్టి, లోపల కూర్చున్న మా తమ్ముణ్ణి సెల్ఫ్ కొట్టమన్నాను. 1.4 వోల్టులు చూపించింది. ఆ రెండు చోట్ల మధ్య ఉన్నది ఎర్త్ కేబుల్ ఒక్కటే. అక్కడ మహా అయితే 0.2 ఉండాలి. అంటే బ్యాటరీ ఇస్తున్న దాంట్లో దాదాపు వోల్టున్నర మోటారుకు పనికిరాకుండా దారిలోనే వేడైపోతోంది. కేబుల్ పైకి నిగనిగలాడుతూనే ఉంది. చివర్న రబ్బరు తొడుగు వెనక్కి లాగి చూస్తే లోపలి రాగి పోగులు ఆకుపచ్చ పొడిలా రాలాయి.

మరి కొత్త బ్యాటరీతో రెండు రోజులు ఎలా నడిచింది? కొత్త బ్యాటరీకి కాస్త ఊపు ఎక్కువ. దారిలో పోయేది పోగా మిగిలింది కూడా మోటారుకు సరిపోయింది. బ్రష్‌లు మార్చాక కూడా అంతే, మోటారు తక్కువ కరెంటుతో సర్దుకుంది. జబ్బు అలాగే ఉంది, నేను ప్రతిసారీ దాని మీద ఒక దుప్పటి కప్పాను. పాత కార్లతో ఇంట్లో కుస్తీ పట్టేవాళ్లలో ఈ అనుభవం లేనివాళ్లు అరుదు. ఒక పార్టు మారుస్తాం, బాగయినట్టు కనిపిస్తుంది, మళ్లీ వస్తుంది. అసలు ఈ చిక్కుముడి ఎందుకు పడుతుందో తెలిస్తే సగం పని తగ్గుతుంది.

రెండు లెక్కలు, ఒక మూడో చెయ్యి

కారులో పాడయ్యేవన్నీ ఒకే కారణంతో పాడవవు. పిస్టన్ రింగులు, బేరింగులు, క్లచ్ ప్లేటు, బ్రేక్ ప్యాడ్లు తిరిగిన కొద్దీ అరుగుతాయి. వాటి లెక్క ఓడోమీటర్ దగ్గర ఉంటుంది. రబ్బరు, ప్లాస్టిక్, బ్రేక్ ఆయిల్, కూలెంట్, వైర్ల మీది తొడుగు, కనెక్టర్లలోని పిన్నులు కారు కదిలినా కదలకపోయినా పాడవుతూనే ఉంటాయి. వాటి లెక్క క్యాలెండర్ దగ్గర ఉంటుంది. రోజూ ఆఫీసుకు తిరిగే కారులో మొదటి రకం ముందు బయటపడుతుంది. ముచ్చటపడి కొనుక్కుని, కవరు కప్పి, ఆదివారాలు మాత్రమే బయటికి తీసే కారులో రెండోదే రాజ్యమేలుతుంది. "చాలా తక్కువ తిరిగిన బండి" అని మురిసిపోయి కొన్నవాళ్లకు మొదటి ఏడాదే వరస దెబ్బలు తగిలేది ఇందుకే.

నిజానికి కదలకుండా ఉన్న కారు ఇంకా త్వరగా చెడుతుంది. ఆయిల్ సీళ్లు తడి ఆరి గట్టిపడతాయి. బ్రేక్ ప్యాడ్లను నొక్కే క్యాలిపర్‌లో పిస్టన్ ఉన్నచోటే తుప్పుతో పట్టేస్తుంది. ట్యాంకులో పెట్రోల్‌లోని తేలిక భాగాలు ఆవిరైపోయి జిగురు మిగులుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ అయితే గాల్లోని తేమను కూడా లాక్కుంటుంది, పైగా ఆ ఇంధనాన్ని ఊహించకుండా తయారైన పాత రబ్బరు పైపుల్ని లోపలి నుంచి మెత్తబరుస్తుంది.

ఇక మూడోది, మనకన్నా ముందు ఆ కారు మీద పడ్డ చేతులు. పాత కారు లోపల ఫ్యాక్టరీ ఎంత ఉందో పాత ఓనర్లు కూడా అంతే ఉంటారు. టేపు చుట్టిన వైరు జాయింట్లు, ఒక సైజు పెద్ద బోల్టు బలవంతంగా ఎక్కించిన చోట్లు, గ్యాస్కెట్ బదులు పూసిన సిలికాన్, ఏదో అలారం పెట్టి తర్వాత పీకేసి వదిలేసిన తీగలు. సర్క్యూట్ డయాగ్రమ్‌లో ఇవేవీ ఉండవు. పుస్తకంలో నల్లతీగ అని ఉండి కారులో ఎర్రతీగ కనిపించిందంటే, మీకంటే ముందు ఎవరో అక్కడికి వచ్చి వెళ్లారన్నమాట.

ఈ మూడూ కలిసి ఒకే లక్షణంగా బయటపడటమే చిక్కు. ఐడ్లింగ్, అంటే కారు ఆగి ఉండగా ఇంజన్ మెల్లగా తిరగడం, సరిగా నిలవట్లేదంటే ప్లగ్గు అరిగి ఉండొచ్చు, వాక్యూమ్ పైపు పగిలి ఉండొచ్చు, ఎవరో థ్రాటిల్ స్క్రూ తిప్పి ఉండొచ్చు. మూడూ ఒకేసారి కూడా జరిగి ఉండొచ్చు. అందుకే ఒకదాన్ని బాగుచేస్తే సగం నయమవుతుంది, ఆ సగం నయమే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. క్యాలెండర్ పాడుచేసేవాటిని గుంపుగా మార్చాలి. ఓడోమీటర్ పాడుచేసేవాటిని కొలిచాకే మార్చాలి. తలకిందులు చేస్తే డబ్బూ పోతుంది, ఓపికా పోతుంది.

గుంపుగా ఎందుకు?

కూలింగ్ సిస్టమ్ తీసుకుందాం. చాలామంది పాత కార్లను చంపేది ఇదే. నీళ్లు మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. బయటి గాలి కంటే ఒక బార్ ఎక్కువ ఒత్తిడిలో ఉంచితే 120 డిగ్రీల దాకా మరగవు, కుక్కర్ సూత్రమే. ఆ ఒత్తిడిని పట్టి ఉంచేది రేడియేటర్ క్యాప్‌లోని చిన్న స్ప్రింగూ దాని రబ్బరు వాషరూ. వాషర్ గట్టిపడితే ఒత్తిడి నిలవదు, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కూలెంట్ పొంగుతుంది. "క్యాపే కదా" అని కొత్తది పెడతాం. ఇప్పుడు ఒత్తిడి పూర్తిగా నిలుస్తుంది. ఇన్నేళ్లూ సగం ఒత్తిడితో నెట్టుకొచ్చిన పాత హోస్ మూడో రోజు చీలుతుంది. హోస్ మారుస్తాం. తర్వాతి వంతు రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ ట్యాంకుది. క్యాప్ మార్చడం తప్పు కాదు, ఒక్క క్యాప్‌తో ఆగడం తప్పు. అన్నీ ఒకే ఏడాది పుట్టాయి, ఒకే వేడిని తిన్నాయి, కాస్త అటూ ఇటూగా ఒకేసారి పోతాయి.

ఆ ప్లాస్టిక్ ట్యాంకు రంగు చూసి కూడా వయసు చెప్పొచ్చు. కొత్తప్పుడు నల్లగా ఉంటుంది. వేడికి, చల్లదనానికి వేలసార్లు లోనయ్యాక మాసిన గోధుమరంగుకో, కొన్ని కార్లలో ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకో తిరుగుతుంది. ఆ రంగు కనిపిస్తే ఇక పరీక్షలు అక్కర్లేదు. 1998లో వచ్చిన బీఎమ్‌డబ్ల్యూ ఈ46 శ్రేణి ఓనర్లు ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, హోసులు, థర్మోస్టాట్, వాటర్ పంపు అన్నిటినీ ఒక సెట్టుగా మార్చడం అలవాటు చేసుకున్నది ఒకటి మార్చి ఇంకొకదాని చేతిలో దెబ్బతిన్నాకే. వేడెక్కిన ఇంజన్‌ను "ఇంటి దాకానే కదా" అని నడిపితే అల్యూమినియం సిలిండర్ హెడ్ వంగుతుంది. అక్కడి నుంచి ఖర్చు లెక్కే వేరు.

బ్రేక్ ఆయిల్ కూడా ఇదే కోవ. పేరుకు ఆయిల్ అంటాం గానీ, మామూలుగా వాడే డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 మూడూ గ్లైకాల్ ఆధారిత ద్రవాలు, తేమను పీల్చుకుంటాయి. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. దాదాపు 3.7 శాతం నీరు చేరాక ఆ కనీసపు హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ అదేపనిగా బ్రేకు తొక్కితే క్యాలిపర్ దగ్గర అంత వేడి పుట్టడం పెద్ద విషయం కాదు. ద్రవం మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. కారు ఒక్క కిలోమీటరు తిరగకపోయినా రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్చమనేది అందుకే. డాట్ 5 మాత్రం సిలికాన్ ద్రవం. పేరు దగ్గరగా ఉందని 5.1తో కలిపితే కథ మొదటికొస్తుంది, కలపకూడదు.

టైర్లు, టైమింగ్ బెల్టు గురించి పెద్దగా వివరించక్కర్లేదు. టైరు గోడ మీద డాట్ (DOT) అనే అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు చూడండి. 3518 అంటే 2018లో 35వ వారం తయారైందని. గాడి ఎంత లోతుగా ఉన్నా, పదేళ్లు దాటిన టైరు మీద నేను హైవే ఎక్కను. టైమింగ్ బెల్టుకు కంపెనీలు కిలోమీటర్లతో పాటు సంవత్సరాల గడువు కూడా ఇస్తాయి, ఏది ముందొస్తే అది. తెగితే ఏమవుతుందన్నది ఇంజన్‌ను బట్టి ఉంటుంది. కొన్నిటిలో పిస్టన్ వచ్చి వాల్వులకు కొట్టుకుని ఇంజన్ పాడవుతుంది. 1989లో వచ్చిన మొదటి మాజ్దా ఎమ్‌ఎక్స్-5 లాంటి కొన్నిటిలో ఆ రెండూ తగలవు, ఇంజన్ ఆగిపోతుందంతే. మీది ఏ రకమో తెలుసుకోవడానికి పది నిమిషాలు పడుతుంది, ముందా పని చేయండి.

కనపడని ముసలితనం ఎలక్ట్రానిక్స్‌లో ఉంటుంది. 1980ల చివరి నుంచి 1990ల మధ్య దాకా వచ్చిన చాలా ఇంజన్ కంప్యూటర్లలో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉన్నాయి. వాటిలోని ద్రవం ఏళ్ల తరబడి మెల్లగా కారి, కింద బోర్డు మీది రాగి గీతల్ని తినేస్తుంది. అప్పుడు కారు చలికి ఒకలా, ఎండకి ఒకలా ప్రవర్తిస్తుంది. సెన్సర్లన్నీ మార్చినా లాభం ఉండదు. బోర్డు మూత తీస్తే చేపల వాసనలాంటిది వస్తే అనుమానం తీరినట్టే. అదే కాలపు కొన్ని మెర్సిడెస్ కార్లలో ఇంజన్ వైరింగ్ మీది తొడుగు వేడికి పెళుసెక్కి, ముట్టుకుంటే రాలిపోయే స్థితికి రావడం అందరికీ తెలిసిన కథే. అలాంటి కారులో ఏ పార్టు మార్చినా కొత్త తప్పు పుడుతుంది, ఎందుకంటే పార్టు మార్చడానికి మనం ఆ వైర్లను కదిలిస్తాం కదా.

కొలిస్తే తెలిసేవి

ఇప్పుడు రెండో సగం. అరుగుదలను ఊహించకూడదు, కొలవాలి. "ఆయిల్ తాగుతోంది, ఇంజన్ దింపాల్సిందే" అనే మాట ఎవరైనా అనేస్తారు. సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టి చూస్తే ఒక గంటలో తేలుతుంది. ఇంజన్ వేడిగా ఉండగా ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టి, ఒక్కో సిలిండర్ చూడాలి. అంకె పెద్దదా చిన్నదా అన్నదానికన్నా వాటి మధ్య తేడా ముఖ్యం. 172, 168, 110, 112 అని వచ్చిందనుకోండి. మూడు, నాలుగు పక్కపక్కనే ఉండి రెండూ ఒకేలా పడిపోయాయి. అంటే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ తెగి ఉండే అవకాశం ఎక్కువ. ఒక్కటే తక్కువుంటే ఆ సిలిండర్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు అరిగాయి, ఆయిల్ ఆ సందుని కాసేపు మూసింది. పెరగకపోతే వాల్వుల సంగతి.

ఇక ఆయిల్ కారడం. ఇక్కడ చాలామంది సీళ్ల వెంట పడతారు. పిస్టన్ పక్కనుంచి కొద్దిపాటి వాయువు ఎప్పుడూ కింద క్రాంక్ కేసులోకి జారుతూనే ఉంటుంది. దాన్ని బయటికి లాగి మళ్లీ ఇంజన్‌కే తినిపించే చిన్న వాల్వు ఒకటుంటుంది, పీసీవీ అంటారు. అది మసితో పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి దొరికిన సందులోంచల్లా ఆయిల్‌ను బయటికి నెడుతుంది. మనం క్రాంక్ సీలు మారుస్తాం, కారడం వాల్వ్ కవర్ దగ్గరికి మారుతుంది. అది మారుస్తాం, డిప్‌స్టిక్ గొట్టంలోంచి వస్తుంది. వేలెడంత వాల్వు కోసం గేర్‌బాక్స్ దింపినవాళ్లు నాకు తెలుసు. ఐడ్లింగ్‌లో ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద పల్చటి కాగితం పెట్టి చూడండి. కాస్త లోపలికి అతుక్కుంటే ఆరోగ్యం. పైకి ఎగిరితే సీళ్ల జోలికి వెళ్లకముందే ఆ వాల్వు చూడాలి.

గాలి లీకును పట్టుకోవడం కూడా ఇలాంటిదే. కంప్యూటర్ లెక్కగట్టని గాలి ఎక్కడో లోపలికి దూరితే మిశ్రమంలో పెట్రోల్ తగ్గుతుంది. దాన్ని సరిచేయడానికి కంప్యూటర్ పెట్రోల్ పెంచుతుంది. ఆ పెంపునే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. స్కానర్‌లో అది శాతంగా కనిపిస్తుంది. ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న ఇంజన్లలో ఐడ్లింగ్‌లో ట్రిమ్ బాగా ఎక్కువగా ఉండి, 2,500 ఆర్‌పీఎమ్ దగ్గర మామూలైపోతే అది గాలి లీకు లక్షణం. ఇంజన్ ఎక్కువ గాలి పీలుస్తున్నప్పుడు ఆ చిన్న చిల్లు లెక్కలోకి రాదు మరి. అదే, ఆర్‌పీఎమ్ పెంచిన కొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే పెట్రోల్ పంపు లేదా ఫిల్టర్ వైపు చూడాలి. అయితే ఈ అంకెలు తేలిగ్గా చూపించే ఓబీడీ-2 పద్ధతి అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, యూరప్ పెట్రోల్ కార్లలో 2001 నుంచి తప్పనిసరైంది. అంతకుముందు కార్లు చాలావరకు ఒక లైటును మినుకుమినుకుమనిపించి కోడ్ చెబుతాయి. అది కూడా చెప్పకపోతే పొగ పెట్టి చూడటమే, చిల్లున్న చోట పొగ బయటికి వస్తుంది.

కరెంటు విషయంలో మొదట చెప్పిన నా ఎర్త్ కేబుల్ కథలో ఒక కిటుకు ఉంది. అదే కేబుల్‌ను ఓమ్స్‌లో పెట్టి కొలిస్తే బాగుందనే చూపించేది. సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్ల దాకా లాగుతుంది. అంత కరెంటు పారేటప్పుడు 0.01 ఓమ్ అడ్డు ఉన్నా వోల్టున్నర పోతుంది. మామూలు మల్టీమీటర్ సొంత తీగల్లోనే అంతకు పదింతల అడ్డు ఉంటుంది, అది 0.01ని ఎక్కడ చూడగలదు? అందుకే కేబుళ్లను ఖాళీగా కాదు, పని చేస్తుండగా వోల్టేజీతో పరీక్షించాలి. రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోయే సమస్యకు మాత్రం ఆంపియర్లు కొలవాలి. అన్నీ ఆఫ్ చేసి, డోర్లు మూసి, కంప్యూటర్లు నిద్రపోయే దాకా ఆగాక 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే మంచిదే. 40 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఆ లెక్కన నెల పైన వస్తుంది. 500 ఉంటే మూడు రోజులకే చేతులెత్తేస్తుంది. ఒక్కో ఫ్యూజ్ పీకుతూ అంకె ఎక్కడ పడిపోతుందో చూస్తే దొంగ దొరుకుతాడు.

చేతి పని

సిద్ధాంతం ఎంత తెలిసినా, పాత కారు దగ్గర ఆదివారం మొత్తం మింగేది పట్టేసిన బోల్టు. బ్రేక్ ఎయిర్ తీసే నిపుల్‌నే చూడండి. చిన్నది, పైగా లోపల గుల్ల. పదేళ్లుగా ఎవరూ కదపలేదు. పానా పెట్టి బలం కొద్దీ లాగితే పుటుక్కున విరిగి, సగం క్యాలిపర్‌లోనే ఉండిపోతుంది. నేనైతే ముందురోజు సాయంత్రమే వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, మరల మొదట్లో పెనెట్రేటింగ్ ఆయిల్ పూసి వదిలేస్తాను. పొద్దున మళ్లీ ఒకసారి. తర్వాత ఆరు మూలల సాకెట్ పెట్టి, పన్నెండు మూలలది వద్దు, అది అంచుల్ని చెక్కేస్తుంది, ముందు విప్పే వైపు కాకుండా బిగించే వైపు వెంట్రుకవాసి కదుపుతాను. సన్నగా "కిర్" మంటుంది. ఆ చప్పుడు వింటే ప్రాణం లేచొస్తుంది. తుప్పు పొర తెగిందని అర్థం. అప్పుడు కాస్త విప్పడం, కాస్త బిగించడం, మళ్లీ ఆయిల్. ఒకే ఊపులో విప్పేయాలన్న తొందరే విరిచేస్తుంది. వేడి చేయడం కూడా బాగా పనిచేస్తుంది, కానీ బ్రేక్ పైపుల దగ్గర, పెట్రోల్ పైపుల దగ్గర మంట పెట్టొద్దు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట అసలే వద్దు, వేడికి దాన్నుంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

బిగించడంలోనూ ఒక తిరకాసుంది. బోల్టు బిగించడమంటే దాన్ని స్ప్రింగులాగా రవ్వంత సాగదీయడం. ఆ సాగుడే రెండు ముక్కల్ని కలిపి పట్టుకుంటుంది. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించాలో అంకె పెట్టుకునే పానా) మీద మనం పెట్టే బలంలో దాదాపు 90 శాతం బోల్టు తల కింద, మరల్లో రాపిడికే పోతుంది. సాగదీతకు మిగిలేది 10 శాతం. అందుకని మరలకు ఆయిల్ రాశారనుకోండి, రాపిడి తగ్గుతుంది, అదే అంకె దగ్గర బోల్టు చాలా ఎక్కువ సాగుతుంది, తెగనూవచ్చు. మరలు తుప్పు పట్టి ఉంటే దానికి ఎదురు, రెంచ్ క్లిక్ మంటుంది గానీ బోల్టు ఇంకా వదులే. మాన్యువల్‌లో పొడి మరలకు చెప్పారా, ఆయిల్ రాసిన వాటికా అన్నది చదివి, మరలు శుభ్రం చేశాకే ఆ అంకెకు విలువ.

సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌ల దగ్గర చాలామంది చేసే ఇంకో పొరపాటు చెప్పాలి. కారును స్టాండ్ల మీద ఎత్తి, చక్రాలు వేలాడుతుండగా కొత్త బుష్‌లు వేసి అక్కడే ఫుల్లుగా బిగించేస్తారు. ఈ బుష్‌లలో లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ మధ్య రబ్బరు అతుక్కుని ఉంటుంది. అది తిరగదు, మెలితిరుగుతుంది. వేలాడే స్థితిలో బిగిస్తే, కారు కిందికి దించగానే రబ్బరు ఒకవైపు మెలిపడిపోయి ఇరవైనాలుగ్గంటలూ అలాగే ఉంటుంది. త్వరగా చిరుగుతుంది, కారు కూడా కాస్త ఎత్తుగా నిలబడుతుంది. చివరి బిగింపు కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చేయాలి. కిందికి దూరడం కష్టమే, కానీ వేరే దారి లేదు.

కిందికి దూరడం అన్నాను కాబట్టి, జాకీ మీద మాత్రమే నిలిచిన కారు కిందికి ఎప్పుడూ వెళ్లొద్దు. జాకీ ఎత్తడానికి, నిలపడానికి స్టాండ్లు. స్టాండ్లు పెట్టాక కారును గట్టిగా ఊపి చూసి, అప్పుడు. విప్పిన చక్రాన్ని కూడా బాడీ కింద పడేస్తే ఇంకో ధైర్యం. కాయిల్ స్ప్రింగులు నొక్కడం, ఎయిర్‌బ్యాగ్, ఏసీ గ్యాస్, పెట్రోల్ ట్యాంకు వెల్డింగ్ ఇంటి పనులు కావని నా అభిప్రాయం. వాటిలో తప్పు దిద్దుకునే అవకాశం ఉండదు.

ముందు ఏది, పార్టులు ఎక్కడివి

పాత కారు కొన్న ఉత్సాహంలో చాలామంది మొదట సైలెన్సర్, వీల్స్ మారుస్తారు. కారు ముందు ఆగాలి, తిరగాలి, మంట పట్టకూడదు, వేడెక్కకూడదు. అంటే బ్రేకులు, స్టీరింగ్, టైర్లు, పెట్రోల్ పైపులు, కూలింగ్. ఆ తర్వాతే బాగా పరిగెత్తడం. పెట్రోల్ పైపుల విషయంలో పెట్రోల్‌ను ఒత్తిడితో చిమ్మే ఇంజెక్షన్ కార్లకు ఆ ఒత్తిడికి తగ్గ హోస్ వేయాలి. పాత కార్బురేటర్ హోస్ చూడ్డానికి అలాగే ఉంటుంది, క్లిప్పు దగ్గర వదిలేస్తుంది.

ఇంజన్ ఆయిల్ గురించి కూడా ఒక మాట. పాత ఇంజన్లు కొన్నిటిలో వాల్వుల్ని తెరిచే క్యామ్ నేరుగా చదునైన ట్యాపెట్ (క్యామ్‌కూ వాల్వుకూ మధ్య ఉండే ముక్క) మీద రాసుకుంటూ తిరుగుతుంది. ఆ రాపిడిని తట్టుకోవడానికి ఆయిల్‌లో జింకు, భాస్వరం కలిసిన పదార్థం కావాలి. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లు పాడవకుండా ఈనాటి పల్చటి గ్రేడ్ల ఆయిళ్లలో భాస్వరాన్ని 800 పీపీఎమ్ దగ్గరే ఆపేశారు. కొత్త ఆయిల్ అంటే ప్రతి ఇంజన్‌కూ మంచిదని కాదు. రోలర్ ట్యాపెట్లు ఉన్న ఇంజన్‌కు ఈ బెంగ లేదు.

పార్టుల వేటలో ఒక మోసం మనకి మనమే చేసుకుంటాం. ముప్ఫై ఏళ్ల నాటి, సీలు తీయని ఒరిజినల్ డబ్బా దొరికిందని పండగ చేసుకుంటాం. గేర్ అయితే పండగే. రబ్బరు సీలు అయితే? డబ్బాలో ఉన్నా దానికీ ముప్ఫై ఏళ్లు వచ్చాయి. క్యాలెండర్ డబ్బాలోకి కూడా వెళ్తుంది. అలాంటి చోట ఈమధ్య తయారైన మంచి నకలే మేలు. కొన్ని కంపెనీలు తమ పాత కార్లకు మళ్లీ పార్టులు చేయడం మొదలుపెట్టాయి. మొదటి తరం ఎమ్‌ఎక్స్-5 కోసం మాజ్దా, ఆర్32 స్కైలైన్ జీటీ-ఆర్ కోసం నిస్సాన్ 2017లో జపాన్‌లో ఆ పని చేపట్టాయి, తర్వాత పాత సుప్రాలకు టొయోటా కూడా. మిగతా కార్ల వాళ్లం పాత పార్టును పారేయకుండా అట్టిపెట్టుకోవడమే. విరిగినదైనా సరే, కొలతలు దానిలోనే ఉంటాయి.

ఒకసారి ఒక్కటే మార్చండి, మార్చింది రాసుకోండి అని అందరూ చెబుతారు. క్యాలెండర్ వస్తువుల్ని గుంపుగా మార్చేటప్పుడు మొదటిది కుదరదు, కానీ రెండోది కుదురుతుంది. నా నోటుబుక్‌లో తారీఖు, కిలోమీటర్లు, ఏం చేశానన్నదే కాదు, ఏం చేయలేదో కూడా ఉంటుంది. ఎర్త్ కేబుల్ మార్చిన రోజు పేజీలో "బ్యాటరీ, మోటారు అనవసరం" అని రాసుంది. కింద ఇంకో రెండు లైన్లున్నాయి, ఇంకా కొట్టేయలేదు. "గతుకుల మీద కుడి వెనక టక్ మంటోంది. బుష్ కాదు, షాక్ అబ్జార్బర్ పై నట్టు కాదు. డిక్కీలో స్టెప్నీ తీసేసి ఒకసారి నడిపి చూడాలి."